మా అమ్మాయి గెస్ట్ లెక్చరర్‌గా చేరాలా, ఎడ్‌టెక్ కంపెనీకి వెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పూర్తి చేసి సెట్ (లెక్చరర్ అర్హతకు రాష్ట్ర స్థాయిలో పెట్టే పరీక్ష) కూడా పాసైంది. ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా రమ్మన్నారు. ఇంటర్వ్యూలో ‘బ్లెండెడ్ లెర్నింగ్ (క్లాసు పాఠం, ఆన్‌లైన్ పాఠం కలిపి బోధించడం) చెయ్యగలరా?’ అని అడిగారట. చూస్తే అక్కడ ఉన్నది ఒకే ప్రొజెక్టర్. ల్యాబ్‌లో సగం కంప్యూటర్లు ఆన్ కావు. పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు. ఇంకోపక్క మాదాపూర్‌లో ఒక ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ పాఠాలు అమ్మే) కంపెనీ కంటెంట్ రాసే ఉద్యోగానికి రెట్టింపు జీతం ఇస్తానంటోంది. ఏమీ లేని చోట ఈ ఆన్‌లైన్ పాఠాలు నేర్చుకుని ఏం లాభం సార్?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందుగా మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పీజీలో 55 శాతం మార్కులతో పాటు జాతీయ స్థాయి అర్హత పరీక్ష నెట్ గానీ సెట్ గానీ కనీస అర్హత. 2023 జులైలో పీహెచ్‌డీని తప్పనిసరి కాకుండా చేశారు కాబట్టి ఆమె చేతిలో ఉన్న సర్టిఫికెట్ విలువ పెరిగింది. ఇంటి ఖర్చులు ఆమె జీతం మీద ఆధారపడి లేకపోతే, కాలేజీలో చేరనివ్వండి. అప్పులు, ఈఎంఐలు ఉన్న ఇల్లయితే నా సలహా వేరుగా ఉంటుంది, అది చివర్లో చెబుతాను.

‘ఏమీ లేని చోట’ అన్నారు. అక్కడే నేను మీతో ఏకీభవించలేను. బ్లెండెడ్ లెర్నింగ్ అంటే స్మార్ట్ బోర్డులు, ట్యాబ్‌లు అని చాలామంది అనుకుంటారు. మన జూబ్లీహిల్స్‌లోని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీని చూడండి. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్నెట్ ఊసే లేని రోజుల్లో పోస్టులో పుస్తకం, రేడియోలో పాఠం, స్టడీ సెంటర్‌లో క్లాసు కలిపి లక్షల మందికి డిగ్రీ చదువు అందించింది. ఇంట్లో ఏది చదవాలి, మాస్టారి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏది చెయ్యాలి అని పాఠాన్ని విడదీయడమే ఇందులో అసలు పని. ఆ విడదీత తెలియని చోట ఎంత పరికరాలున్నా క్లాసు మారదు.

మీ అమ్మాయి సబ్జెక్టు నుంచే చెబుతాను, ఇది ఆమెకు చదివి వినిపించండి. జీనర్ డయోడ్ (తిప్పి కలిపినప్పుడు, అంటే రివర్స్ బయాస్‌లో, ఒక ఓల్టేజి దాటాక కరెంటును ఒక్కసారిగా పోనిచ్చే చిన్న పరికరం) ప్రయోగం ఉందనుకుందాం. ముందు రోజు సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో ఐదు నిమిషాల వాయిస్ నోట్, చేత్తో గీసిన సర్క్యూట్ ఫొటో ఒకటి పెట్టాలి. వాయిస్ నోట్ ఒకటి రెండు ఎంబీలు దాటదు. అదే పాఠం వీడియోగా పెడితే దానికి ఎన్నో రెట్లవుతుంది. ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంట్లో ఆ వీడియో ఎవరూ తెరవరు. వాయిస్ నోట్‌లో సిద్ధాంతం అంతా చెప్పకూడదు. ‘డయోడ్ మీద గీత ఏ వైపు ఉందో చూడండి, ఆ కొన క్యాథోడ్, రివర్స్ బయాస్ కావాలంటే దాన్ని పాజిటివ్‌కి కలపాలి’ అన్నంత వరకు చాలు. ఎందుకంటే ల్యాబ్‌లో సగం మంది కొనలు తారుమారు చేసి కలిపేసి, ‘మేడమ్, 0.7 ఓల్టుల దగ్గరే ఆగిపోయింది’ అంటారు. ఆ తప్పు సరిదిద్దడానికే పీరియడ్ అయిపోతుంది. అది ముందే చెప్పేస్తే క్లాసులో రీడింగులు తీసుకోవడానికి, గ్రాఫ్ గీయడానికి, కరెంటు ఒక్కసారిగా ఎందుకు ఎగబాకిందో మాట్లాడుకోవడానికి సమయం మిగులుతుంది. మర్నాడు ఐదు ప్రశ్నల గూగుల్ ఫారం పెట్టాలి. ఫోన్ లేనివాళ్లకు అవే ప్రశ్నలు కాగితం మీద ఇవ్వాలి.

ఆ కాగితం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. ఫోన్ అన్నయ్య దగ్గరో నాన్న దగ్గరో ఉండే ఆడపిల్లలు గ్రూపులో పెట్టింది రాత్రి పది దాటాక గానీ చూడలేరు, కొందరు అసలే చూడరు. వాళ్లు వెనకబడ్డారంటే తప్పు వాళ్లది కాదు, పాఠాన్ని తయారుచేసినవాళ్లది. మొదటి వారంలోనే ఎవరి దగ్గర ఏ ఫోన్ ఉంది, ఎన్ని గంటలకు చేతికొస్తుంది అని ఒక్కొక్కరినీ విడిగా అడిగి రాసుకోమనండి. అందరి ముందు చేతులెత్తమనకూడదు.

ఉన్న ఆ ఒక్క ప్రొజెక్టర్ కూడా తక్కువేమీ కాదు. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లోని పాఠాలు ఉచితం. నగరంలో ఇంటర్నెట్ బాగున్న చోట కావలసినవి పోర్టల్ నియమాలు చూసుకుని దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లొచ్చు. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. కంప్యూటర్ తెర మీదే ప్రయోగాలు చేయించే వర్చువల్ ల్యాబ్స్ ప్రాజెక్టులో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. అయితే ఫిజిక్స్‌లో తెర మీద చేసిన ప్రయోగం చేత్తో చేసినదానికి బదులు కాదు. ల్యాబ్ గంటలు తగ్గించి ‘ఆన్‌లైన్‌లో చూపించాం’ అనే కాలేజీలకు మీ అమ్మాయి వంత పాడకూడదు.

సీనియర్లు పెదవి విరవవచ్చు. వాళ్లను తప్పుపట్టకండి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఏ శిక్షణా లేకుండా రాత్రికి రాత్రి ఫోన్ ముందు కూర్చోబెట్టారు, కెమెరా ఆపేసిన విద్యార్థులకు నెలల తరబడి పాఠాలు చెప్పారు, ఆ శ్రమకు లెక్కా లేదు. అలాంటి ఒక సీనియర్‌తో కలిసి పనిచెయ్యమనండి. విషయం వారిది, రికార్డింగ్ ఈమెది. ఏళ్ల అనుభవం పక్కన కూర్చుని నేర్చుకున్నట్టూ ఉంటుంది.

ఇక భవిష్యత్తు సంగతి. ఒక కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చని యూజీసీ 2021లో ముసాయిదా పత్రం విడుదల చేసింది. స్వయం ద్వారా తీసుకోగల కోర్సుల పరిమితిని కూడా అదే ఏడాది 20 నుంచి 40 శాతానికి పెంచింది. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో పరిశోధన స్కోరు పట్టిక ఉంది. సైన్సులో గుర్తింపు ఉన్న జర్నల్‌లో ఒక పేపరుకు 8 పాయింట్లయితే, నాలుగు క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సును పూర్తిగా తయారుచేస్తే 20 పాయింట్లు. ఇవి ఇప్పుడే అక్కరకు రావు, అసోసియేట్ ప్రొఫెసర్ దాకా వెళ్లేటప్పుడు పనికొస్తాయి. కానీ అంత పెద్ద కోర్సు తయారుచెయ్యగల చెయ్యి ఇలాంటి చిన్న క్లాసుల్లోనే తిరుగుతుంది. చేసిన ప్రతి పాఠాన్నీ తేదీతో సహా ఒక ఫోల్డర్‌లో దాచమనండి. ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు అని కింద రెండు వాక్యాలు రాసుకుంటే రేపటి ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకు మించింది ఉండదు.

చేరే ముందు మాత్రం ఒకటి గట్టిగా అడగాలి. గెస్ట్ లెక్చరర్లకు సాధారణంగా పీరియడ్ల లెక్కన ఇస్తారు. రికార్డు చెయ్యడం, ఫారాలు దిద్దడం, రాత్రి గ్రూపులో సందేహాలు తీర్చడం ఆ లెక్కలోకి రావు. వారానికి కనీసం రెండు పీరియడ్లయినా ఈ పనికి కేటాయిస్తారా, డేటా ఖర్చు ఎవరిది అని ప్రిన్సిపాల్‌ని అడిగి కాగితం మీద పెట్టించుకోవాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడితే, ఒక్క సెమిస్టర్‌లోనే విసుగొచ్చి అంతా మానేస్తుంది. సందేహాలకు సాయంత్రం ఒక గంట పెట్టుకుని, ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టెయ్యాలి.

ఇంట్లో డబ్బు అవసరం నిజంగా ఉంటే కంపెనీలోనే చేరమనండి, అందులో చిన్నతనమేమీ లేదు. అప్పుడైనా రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, ఆఫర్ లెటర్‌లో బాండ్ (ఇన్నేళ్లు మానకూడదన్న షరతు) ఉందా, ఎన్నేళ్లు. రెండు, ఆదివారాల్లోనైనా పిల్లలకు ఎదురుగా నిలబడి పాఠం చెప్పే చోటు ఒకటి వెతుక్కోవాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) కోసం నెట్ రాయడం మాత్రం ఏ ఉద్యోగంలో ఉన్నా ఆపకూడదు. కాలేజీ వాళ్లు జవాబు చెప్పడానికి ఎంత గడువిచ్చారో మీరు రాయలేదు. ఉన్నన్ని రోజుల్లో ఒకసారి ఆమెతో పాటు మీరూ ఆ కాలేజీకి వెళ్లి, అక్కడి ఫిజిక్స్ ల్యాబ్ చూసి రండి.