గట్టి బాత్రూం టైల్‌కి ఏ డ్రిల్ బిట్? ముందు టైల్ ఏ రకమో తేల్చుకోండి

వాష్‌బేసిన్ పైన అద్దం బిగించడానికి టైల్‌కి నాలుగు కన్నాలు వేయాలి, కాంక్రీట్ బిట్‌తో పది నిమిషాలు నొక్కినా తెల్ల మచ్చ తప్ప ఏమీ పడలేదు, ఏ బిట్ కొనాలి అని అడిగారు. మీ టైల్ చాలావరకు విట్రిఫైడ్, అంటే బాగా దట్టంగా కాల్చిన గట్టి రకం అయ్యుంటుంది. దానికి డైమండ్ కోర్ బిట్ కావాలి. అయితే కొనేముందు ఖాయం చేసుకోండి. మామూలు సెరామిక్ అయితే ఇంత తతంగం అక్కర్లేదు.

మూడేళ్ల కింద నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఒంగోలు నుంచి ఇక్కడికి, బెంగళూరు మారతహళ్ళికి తీసుకొచ్చాం. కమోడ్ పక్కన పట్టుకుని లేవడానికి స్టీల్ రాడ్ బిగించాలి. రెండు ప్లేట్లు, ఆరు స్క్రూలు. పనికి వచ్చినతను డ్రిల్‌ని హ్యామర్ మోడ్‌లో (తిరుగుతూనే దెబ్బలు కొట్టేలా) పెట్టి కాంక్రీట్ బిట్ ఆనించాడు. పది సెకన్లు కాలేదు, టక్‌మని చప్పుడు. కన్నం దగ్గర్నుంచి టైల్ మూల దాకా వెంట్రుకంత గీత. "ప్లేట్ కింద కనపడదు సార్" అన్నాడు. ఇప్పటికీ బాగానే కనపడుతోంది. అతనికి డబ్బులిచ్చి పంపేసి మిగతా ఐదూ నేనే వేశాను.

టైల్ ఏదో తెలుసుకోవడం తేలిక. బిల్డర్ వదిలేసిన టైల్ ఒకటైనా లాఫ్ట్‌లో ఉంటుంది. దాన్ని బోర్లించి వెనకవైపు చెంచాడు నీళ్లు పోయండి. సెరామిక్ అయితే చూస్తుండగానే పీల్చేసుకుని ముదురు మచ్చ పడుతుంది. విట్రిఫైడ్ అయితే తామరాకు మీద నీటిబొట్టే. గోడకి వేసే సెరామిక్ టైల్ తన బరువులో పది శాతానికి పైగా నీళ్లు పీల్చగలదు, విట్రిఫైడ్ అర శాతం దాటదు. అంత దట్టంగా కాలిన మట్టి కాబట్టే బిట్ దిగదు. విడి టైల్ దొరక్కపోతే కుళాయి దగ్గర గోడకి ఆనుకుని ఉండే గుండ్రటి స్టీల్ మూత కొంచెం వెనక్కి జరపండి. టైల్ కోసిన అంచు కనపడుతుంది. మేకుతో గీకితే సుద్దలా పొడి రాలుతోందా, సెరామిక్.

కాంక్రీట్ బిట్ మొన మొద్దుగా ఉంటుంది. అది కోయడానికి కాదు, దెబ్బలతో పిండి చేయడానికి చేసింది. హ్యామర్ ఆపేస్తే ఊరికే రుద్దుకుంటుంది, ఆన్ చేస్తే టైల్ పగులుతుంది. ఇనుముకి వాడే హెచ్ఎస్ఎస్ బిట్ సంగతి వదిలేయండి. సెరామిక్‌కి బల్లెం మొన లాంటి కార్బైడ్ టైల్ బిట్ చాలు, హ్యామర్ లేకుండా నిదానంగా తిప్పితే శుభ్రంగా దిగుతుంది. అదే బిట్‌తో విట్రిఫైడ్ మీద ప్రయత్నించాను. ఒక్క కన్నం సగంలో ఉండగానే మొన అరిగి గుండ్రమైపోయింది.

చివరికి హార్డ్‌వేర్ షాపులుండే ఎస్‌జేపీ రోడ్డుకి వెళ్లి డైమండ్ బిట్ తెచ్చాను. ఇది బోలు గొట్టం, అంచుకి వజ్రపు పొడి అతికించి ఉంటుంది. ఇది కోయదు, అరగదీస్తుంది. అందుకే దీనితో హ్యామర్ అసలు వాడకూడదు, స్పీడ్ తక్కువ ఉండాలి, తడి ఆరకూడదు. వేడెక్కితే వజ్రపు పొడి రాలిపోయి బిట్ పనికిరాకుండా పోతుంది. ఎలక్ట్రోప్లేటెడ్ రకం చవక, త్వరగా అరుగుతుంది. వాక్యూమ్ బ్రేజ్డ్ రకం ఎక్కువ కాలం వస్తుంది. మీ నాలుగు కన్నాలకి చవకది చాలు.

అసలు చిక్కు మొదలుపెట్టడంలో ఉంది. గొట్టానికి నడిమి మొన ఉండదు కాబట్టి టైల్ మీద జర్రున జారి గీతలు పెడుతుంది. గుర్తు మీద మాస్కింగ్ టేప్ వేసి, బిట్‌ని ఏటవాలుగా ఆనించి తిప్పండి. నెలవంకలా చిన్న గాడి పడ్డాక మెల్లగా నిటారు చేయండి. గోడకి నీళ్లు నిలవవు కదా, అందుకని చపాతీ పిండి ముద్దతో గుర్తు కింద చిన్న దోసిలిలా గట్టు కట్టి అందులో నీళ్లు పోశాను. మా ఆవిడ నవ్వింది గానీ పని జరిగింది. నీళ్లు పాలలా తెల్లగా మారుతుంటే బిట్ అరగదీస్తున్నట్టు. పది సెకన్లకోసారి బయటికి తీసి చల్లారనిచ్చాను. బరువు మోపవద్దు, ముఖ్యంగా చివర్లో. ఒక్కో కన్నానికి నాలుగు నిమిషాలు పట్టింది. గొట్టంలో ఇరుక్కున్న టైల్ బిళ్లని సన్న మేకుతో పొడిచి తీయాలి.

నీళ్లు మోటార్ వైపు రాకుండా చూసుకోండి. బ్యాటరీ డ్రిల్ దొరికితే అదే మేలు. కుళాయికీ గీజర్ పాయింటుకీ నేరుగా పైనా, కిందా, వాటి మధ్యా కన్నం వద్దు, పైపులు అక్కడే ఉంటాయి. టైల్ అంచు నుంచి కనీసం అంగుళం వదలండి. వేలితో కొడితే డొల్ల చప్పుడు వచ్చే చోట అసలు వద్దు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. టైల్‌లో కన్నం ప్లగ్ (స్క్రూ పట్టుకోవడానికి గోడలో పెట్టే ప్లాస్టిక్ గొట్టం) కన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. 6 ఎంఎం ప్లగ్ అయితే టైల్‌కి 8 ఎంఎం డైమండ్ బిట్, వెనక గోడకి 6 ఎంఎం కాంక్రీట్ బిట్. ప్లగ్‌ని టైల్ దాటించి గోడలోకి నెట్టండి. లేకపోతే స్క్రూ బిగించినప్పుడు ప్లగ్ టైల్‌లోనే ఉబ్బి లోపలినుంచి పగలగొడుతుంది. గోడలో తెల్లటి మెత్తని పిండి వస్తూ బిట్ వెన్నలో దిగినట్టు దిగిందంటే అది ఏఏసీ బ్లాక్, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీట్ ఇటుక. మామూలు ప్లగ్ అందులో నిలవదు, దానికి వేరే ప్లగ్‌లుంటాయి, షాపులో అడగండి. స్క్రూ పెట్టేముందు కన్నంలో కాస్త సిలికాన్ పూస్తే తడి గోడలోకి దిగదు.

బిట్‌లు రెండు కొనండి. మొదటిదాన్ని లాఫ్ట్‌లో ఉన్న టైల్ మీద రెండు మూడు కన్నాలు వేసి చూడండి, ఏటవాలు నుంచి నిటారుకి ఎప్పుడు తిప్పాలో చేతికి తెలుస్తుంది. నేను తొందరపడి నేరుగా గోడ మీదే నేర్చుకున్నాను. ఆ జారిన గీత కూడా నాన్న రాడ్ పక్కనే ఉంది.