చారిత్రక దుస్తులు కుట్టడం కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి పూర్తిచేసింది. రెండేళ్లుగా వీడియోలు చూస్తూ పాతకాలపు యూరప్ గౌన్లు చేత్తో కుడుతోంది. నాటకాలకు, సినిమాలకు, మ్యూజియాలకు చారిత్రక దుస్తులు తయారుచేసే పనిలోకి వెళ్తానంటోంది. ఫ్యాషన్ డిజైన్ డిగ్రీలో చేర్చాలా, లేక ఏదైనా కాస్ట్యూమ్ వర్క్‌షాప్‌లో పని నేర్పించాలా? "ఇంత చదివించి చివరికి కుట్టుపనికి పంపుతారా" అని బంధువులు అంటుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మంచి ఖరీదైన మిషన్ కొనిస్తే ఉపయోగం ఉంటుందా?

జవాబు: అమ్మా, డిగ్రీయా వర్క్‌షాపా అన్నది మీరు పైకి అడిగిన ప్రశ్న. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం బంధువుల మాట. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది కానీ భయం మాత్రం అదే. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

మీ అమ్మాయి కుట్టిన గౌన్లలో ఒకదాన్ని నడుము దగ్గర లోపలికి తిప్పి చూశారా? పదహారో శతాబ్దపు గౌన్లలోనూ, మళ్లీ 1840ల నాటి లంగాల్లోనూ కనిపించే కార్ట్‌రిడ్జ్ కుచ్చిళ్లు ఆమె ప్రయత్నించే ఉంటుంది. బట్ట పై అంచును మడిచి, రెండు మూడు వరుసల్లో సమాన దూరంలో టాకాలు వేస్తారు. పై వరుసలో సూది ఎక్కడ దిగిందో, కింది వరుసలోనూ సరిగ్గా దాని కిందే దిగాలి. దారాలన్నీ కలిపి లాగితే మీటర్ల కొద్దీ బట్ట సన్నని గొట్టాల వరుసలా దగ్గరకొస్తుంది. ఆ తర్వాత ఒక్కో మడతనూ విడివిడిగా నడుము పట్టీకి కుట్టాలి. లంగా నడుము దగ్గరే విచ్చుకుని నిలబడుతుందంటే దానికి కారణం ఆ కుట్టే. ఒక టాకా పక్కకు జరిగినా కుచ్చు వంకరపోయి బయటికే కనిపిస్తుంది.

ఆ కాలంలో అలా ఎందుకు కుట్టారో తెలిస్తేనే ఈ పని చేతికి వస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో బట్ట చాలా ఖరీదు, కుట్టు కూలి చవక. అందుకే పట్టు గౌన్లలో పెద్దగా బరువు పడని లంగా అతుకులను పెద్ద పెద్ద రన్నింగ్ కుట్లతో కలిపేవారు. ఫ్యాషన్ మారితే విప్పి, అదే పట్టుతో ఇంకో గౌను కుట్టుకోవడం తేలిక. ఒంటికి బిగుతుగా పట్టే అతుకులకు మాత్రం గట్టి బ్యాక్ స్టిచ్ వేసేవారు. లోపల వేసుకునే లినెన్ షిఫ్ట్‌ను ముక్క వృథా కాకుండా దీర్ఘచతురస్రాలుగా, త్రిభుజాలుగా కత్తిరించి, చంక కింద ఒక చదరపు ముక్క వేసేవారు. దాంతో చెయ్యి పైకెత్తినా అతుకు చిరగదు. చరిత్ర, జ్యామితి, ఆ కాలపు ఆర్థిక పరిస్థితి అన్నీ ఆ ఒక్క చొక్కాలో ఉన్నాయి. "ఇంత చదివించి" అన్నవాళ్లకు ఇదీ చదువేనని మీరే చెప్పాలి.

ఇంకో మాట కటువుగానే చెప్తాను. మీ ఉత్తరంలో బంధువులు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాశారు. అమ్మాయి కుట్టింది ఏ కాలపు గౌనో, ఎక్కడ తడబడుతోందో, ఏది బాగా చేస్తోందో ఒక్క వాక్యం కూడా లేదు. రెండేళ్లుగా పక్క గదిలో జరుగుతున్న పని ఇది. దాన్ని కూర్చుని చూడకుండా భవిష్యత్తు తేల్చేయాలనుకోవడం ఆ పిల్లకు అన్యాయం. ఫీజుల సంగతి తర్వాత, ముందు ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చోండి.

ఇప్పుడు ఫ్యాషన్ డిజైన్ డిగ్రీ విషయం. దీనిమీద నాకు చాలా అనుమానాలున్నాయి. "డిజైనర్" అన్న హోదా తల్లిదండ్రులకు ఊరటగా ఉంటుంది, అందుకే ఎక్కువమంది అటు మొగ్గుతారు. కానీ ఇలాంటి చాలా కోర్సుల దృష్టి రాబోయే సీజన్ మీద, మార్కెట్ మీద, బొమ్మలు గీయడం మీద, సాఫ్ట్‌వేర్ మీద ఉంటుంది. మీ అమ్మాయి మనసు పెట్టింది అతుకు లోపల ఏముందన్న దాని మీద. కాస్ట్యూమ్ వర్క్‌షాప్‌లో డిజైనర్ బొమ్మ ఇస్తారు. దాన్ని ప్యాటర్న్‌గా, అంటే బట్టను ఏ ముక్కలుగా కత్తిరించాలో చూపే కొలతల నమూనాగా మార్చేది కటర్. కుట్టేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, కొత్త బట్టను పాతగా, మాసినట్టుగా మార్చేవాళ్లు, టోపీలు చేసేవాళ్లు వేరుగా ఉంటారు. మంచి కటర్ లేకపోతే ఎంత గొప్ప బొమ్మయినా కాగితం మీదే ఉండిపోతుంది. అమ్మాయి మాటల్ని బట్టి చూస్తే ఆమె దారి కటర్ వైపే అనిపిస్తోంది. మీరు చేర్చబోయే కోర్సులో ప్యాటర్న్ కటింగ్‌కు వారానికి ఎన్ని గంటలు, చేతికుట్టు ఎవరు నేర్పుతారు, కోట్లు కుట్టడం ఉందా, నిజమైన పాత దుస్తుల్ని దగ్గరగా చూపిస్తారా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ కోర్సు ఆమెకు పనికిరాదు.

వీడియో ఛానెల్ పెట్టి దానిమీదే బతకొచ్చన్న ఆశ ఉంటే, దాని గురించి కూడా నాకు భయమే. వీడియోలతో నేర్చుకోవడం మంచిదే, ఆమె అలాగే మొదలుపెట్టింది. కానీ కెమెరాకు గౌను ఒక్కసారి అందంగా కనిపిస్తే చాలు. నాటకంలో అదే గౌను ప్రతి ప్రదర్శనకూ చెమటలో తడవాలి, ఉతుక్కోవాలి, తెర వెనక క్షణాల్లో విప్పి ఇంకోటి వేసుకోవడానికి వీలుగా ఉండాలి. అందుకే 1780 నాటి గౌనులో కూడా కనపడకుండా జిప్ పెడతారు. నిజానికి జిప్ ఇప్పటి రూపానికి వచ్చింది 1910లలో, మామూలు దుస్తుల్లోకి వచ్చింది 1930లలో. మ్యూజియం ప్రతికృతిలో అది తప్పు, రంగస్థలం మీద అదే ఒప్పు. తర్వాతి నటికి సరిచేయడానికి వీలుగా అతుకుల లోపల బట్ట కూడా ఎక్కువే వదులుతారు. మిషన్ వాడకం విషయంలోనూ ఇంతే. కుట్టు మిషన్‌కు హోవ్ పేటెంట్ 1846లో, సింగర్ పేటెంట్ 1851లో వచ్చాయి, అంతకుముందు దుస్తులన్నీ దాదాపు చేతికుట్టే. అయినా వర్క్‌షాపుల్లో లోపలి పొడుగు అతుకులు మిషన్ మీద వేసి, బయటికి కనిపించేవి మాత్రం చేత్తో కుట్టడం మామూలు. ఏది ఎక్కడ అవసరమో తేల్చుకోవడం పని చేసేచోటే అబ్బుతుంది.

కాబట్టి మీరడిగిన పోలికకు జవాబు: కాస్ట్యూమ్ తయారీకే ప్రత్యేకంగా కోర్సు దొరికితే అదే మొదటి ఎంపిక. దొరకకపోతే ప్యాటర్న్ కటింగ్ గట్టిగా నేర్పే డిగ్రీ, సెలవుల్లో వర్క్‌షాప్. చదువు పూర్తిగా మానేసి వర్క్‌షాప్‌కే పంపడం ఇప్పుడే వద్దు.

ఆదాయం గురించి దాచను. ఇందులో ఎక్కువ భాగం ప్రాజెక్టుల పని. కొన్ని నెలలు ఊపిరి సలపదు, కొన్ని నెలలు ఖాళీ. ఖాళీ నెలలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోవడం మొదటి నుంచీ అలవాటు కావాలి. కానీ భయపడకండి. ఒంటికి సరిగ్గా అమరేలా కత్తిరించి కుట్టగలిగిన చెయ్యి ఒక్క నాటకం మీదే ఆధారపడదు. దుస్తులు అద్దెకిచ్చే సంస్థలకు ఆ చెయ్యి కావాలి, పెళ్లి దుస్తులు చేసేవాళ్లకు కావాలి, పాత వస్త్రాలను కాపాడే కన్జర్వేషన్ విభాగాలకూ కావాలి. తర్వాత మనసు మారినా నేర్చుకున్నది వృథా పోదు.

ఆమెకు ఇది నిజంగా సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక పని చెప్తాను. పద్దెనిమిదో శతాబ్దపు స్టేస్ (గౌను లోపల వేసుకునే, తాడుతో బిగించే బిరుసైన లోదుస్తు) ఒకటి, లైనింగ్‌తో సహా పూర్తిగా కుట్టమనండి. అప్పట్లో అది బిరుసుగా నిలబడటానికి అందులో తిమింగలం నోటి నుంచి తీసిన బలీన్ పట్టీలు పెట్టేవారు, ఇప్పుడు దాని బదులు ప్లాస్టిక్ పట్టీలు వాడతారు. తాడు దూర్చే రంధ్రాలకు బట్టను కత్తిరించకూడదు. ఆరె లాంటి మొనదేలిన పనిముట్టుతో పోగుల్ని పక్కకు జరిపి, చుట్టూ దగ్గర దగ్గరగా దారం చుట్టి కుట్టాలి. పోగులు తెగకపోతేనే లాగినప్పుడు రంధ్రం తట్టుకుంటుంది. అలాంటివి పదుల కొద్దీ ఉంటాయి. మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. చివరికి వచ్చేసరికి పని ఇంకా శుభ్రపడి ఉంటే, నచ్చనివాటిని ఎవరూ చెప్పకుండానే విప్పి మళ్లీ కుట్టి ఉంటే, ఇక మీరు సందేహించనక్కర్లేదు. విసుగొచ్చి సగంలో వదిలేస్తే ఆమెకు ఆ దుస్తులు వేసుకోవడం ఇష్టం, కుట్టడం కాదు. అదీ తప్పేం కాదు, ఇప్పుడే తెలియడం మంచిది. పోర్ట్‌ఫోలియోలో గౌను వేసుకున్న ఫొటోలతో పాటు లోపలి అతుకులు, ముందుగా మామూలు బట్టతో కుట్టిన నమూనా, దానిమీద చేసిన దిద్దుబాట్లు కూడా పెట్టమనండి. వర్క్‌షాప్‌వాళ్లు ముందుగా చూసేవి అవే.

ఖరీదైన మిషన్ ఇప్పుడు వద్దు. తిన్నగా, దారం బిగువు సమానంగా ఉండేలా కుట్టే మామూలు మిషన్ చాలు. ఆ డబ్బుతో బట్టకు తప్ప ఇంకదేనికీ వాడని మంచి కత్తెర, అసలైన లినెన్, దారానికి రాయడానికి తేనెమైనం, పనిచేసే బల్ల మీదికి సరిపడా వెలుతురు ఏర్పాటు చేయండి. ఉన్న మిషన్ మీద ఏ పని చేయలేకపోతోందో ఆమె స్వయంగా చెప్పిన రోజు కొత్తది కొనండి.