70 గేట్లంటే 70 గేట్లేనా?

ప్రశ్న: మాస్టారూ, 2024 సెప్టెంబరు వరదల మీద పాత ఇంగ్లీషు పేపరు ఒకటి మా వాడు చదువుతున్నాడు. అందులో ప్రకాశం బ్యారేజీవి ‘యాజ్ మెనీ యాజ్ 70 గేట్స్’ ఎత్తారని ఉంది. ‘సుమారు 70’ అని నేను, ‘70 దాకా’ అని వాడు. ఎవరిది రైటు?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా. ఎత్తినవి కచ్చితంగా 70. ‘యాజ్ మెనీ యాజ్’ ఆ లెక్కని పెంచదు, తగ్గించదు. రాసినాయన కనుబొమలు పైకి లేచాయని చెబుతుంది, అంతే. మనం ‘ఏకంగా 70 గేట్లు ఎత్తేశారు’ అంటాం చూడండి, ఆ ‘ఏకంగా’ పనే ఇదీ చేస్తుంది. అయితే మన బ్యారేజీకి ఉన్నవే 70. ‘ఆల్ 70’ అని ఉంటే ఇంకా బాగుండేది. ‘యాజ్ మెనీ యాజ్’ అనేసరికి ఇంకా బోలెడు గేట్లున్నట్టు ధ్వనిస్తోంది!

అదే వార్తలో నీళ్ల సంగతి వస్తే మాట మారుతుంది. అప్పుడు బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. గేట్లయితే ఒకటి, రెండు అని లెక్కపెడతాం. ప్రవాహాన్ని మొత్తంగా కొలుస్తాం. అందుకని అక్కడ ‘యాజ్ మచ్ యాజ్’. కాలానికైతే ‘యాజ్ ఎర్లీ యాజ్’. ఇప్పటి బ్యారేజీ 1957లో వచ్చింది కానీ, కృష్ణకి అడ్డంగా ఆనకట్ట ‘యాజ్ ఎర్లీ యాజ్ 1855’ పూర్తయింది. ‘ఎప్పుడో 1855లోనే’ అన్నమాట.

మీ అబ్బాయి ‘దాకా’ అన్నది కూడా ఊరికే పోదు. వాక్యంలో ‘మే’ గానీ ‘కుడ్’ గానీ ఉంటే అప్పుడు వాడిదే రైటు. ‘యాజ్ మెనీ యాజ్ 200 పీపుల్ మే కమ్’ అంటే 200 మంది దాకా రావచ్చు, 120 మందితో ఆగిపోనూవచ్చు.

‘అప్ టు’ మాత్రం ఎప్పుడూ ‘దాకా’నే. ఈ పాఠం నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. ఓ ఆషాఢంలో బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపు ముందు ‘50 శాతం’ అని నిలువెత్తు అంకె కనబడితే మా ఆవిడా నేనూ లోపలికి వెళ్లాం. ‘అప్ టు’ ఆ అంకె పక్కన చీమంత ఉంది. సగం ధరకిచ్చేవి మూలనున్న ఒక్క అరలోవే, అవీ రంగు వెలిసినవి. మా ఆవిడకి నచ్చిన చీర మీద తగ్గింది 5 శాతం. షాపువాడు అబద్ధం ఆడలేదు మరి, గ్రామరు ఆయన పక్షానే ఉంది.

తక్కువైతే? ‘యాజ్ ఫ్యూ యాజ్ టెన్’ అంటే మనం ముక్కీ మూలిగీ పదిమంది అనడం లాంటిది. ‘నో మోర్ దాన్ టెన్’లోనూ ఆ పెదవి విరుపే. ‘నాట్ మోర్ దాన్ టెన్’లో విరుపు లేదు, ‘పదికి మించకుండా’ అనే హద్దు ఉంటుంది. అప్లికేషన్లలో కనిపించేది ఇదే.

దీన్ని తిరగేస్తే ‘నో లెస్ దాన్’. గుంటూరులో నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు లెక్కల్లో 36 మార్కులతో గట్టెక్కి, నాన్నకి ఉత్తరం రాసే ప్రశ్నకి జవాబులో ‘ఐ గాట్ నో లెస్ దాన్ 36 మార్క్స్’ అని రాశాడు. ‘ఏకంగా 36 తెచ్చుకున్నాను నాన్నా’ అన్నట్టుంది! స్టాఫ్ రూములో అందరం నవ్వాం గానీ, గ్రామరులో తప్పు లేదు కాబట్టి మార్కు కొయ్యలేదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ స్కూటీ ప్రకటనలో ‘యాజ్ గుడ్ యాజ్ న్యూ’ అని ఉంది. కొత్తదే అనుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, కొత్తపేట, గుంటూరు

జవాబు: కొత్తదైతే కొత్తదనే రాసేవారు కదమ్మా. ఈ ‘యాజ్ గుడ్ యాజ్’ మన ‘నట్టే’ లాంటిది. మేస్త్రి ‘పని అయిపోయినట్టేనండీ’ అన్నాడంటే ఇంకా ఎంతో కొంత మిగిలి ఉందనేగా! స్కూటీ కూడా అంతే. వెళ్లి ముందు టైర్లు చూడండి.