పాలకమండలిలో నర్సు: ప్రశ్నలు – జవాబులు

ప్ర: పద్దెనిమిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఆస్పత్రి పాలకమండలిలో చేరమని అడిగారు. లెక్కల కాగితాలంటే భయం. నర్సుల తరఫున మాట్లాడితే సరిపోతుందా?

జ: సరిపోదండీ. అక్కడ మీరు సంస్థ మొత్తానికి జవాబుదారీ. నర్సులకు నచ్చకపోయినా ఆస్పత్రికీ రోగులకూ మంచిదైన వైపే ఓటెయ్యాలి. పిలిచింది మీకు జీతమిచ్చే ఆస్పత్రే అయితే, జీతాలు, సిబ్బంది కోతలు చర్చకొచ్చినప్పుడల్లా మీ ప్రయోజనం ముడిపడి ఉందని చెప్పి బయటికి వెళ్లాలి, ఆ సంగతి మినిట్స్‌లో (సమావేశంలో జరిగింది రాసిపెట్టే పుస్తకంలో) రాయించాలి. అందుకే వేరే ఆస్పత్రి బోర్డు మేలంటాం.

లెక్కల్లో ముందు ఒక్క అంకె పట్టుకోండి: చేతిలోని డబ్బు ఎన్ని రోజులకు వస్తుంది? ఏడాది నిర్వహణ ఖర్చులోంచి తరుగుదల (భవనాలు, పరికరాలు పాతబడేకొద్దీ తగ్గే విలువ) తీసేసి 365తో భాగిస్తే రోజు ఖర్చు తెలుస్తుంది. వెంటనే వాడుకోగల నగదును దానితో భాగించండి. తరుగుదల పుస్తకంలో ఖర్చే గాని, దానికోసం ఆ ఏడాది డబ్బు బయటికి పోదు.

నాణ్యత నివేదిక దగ్గర మాత్రం మీకున్న చూపు మిగతావాళ్లకు ఉండదు. 'ఈ నెల ఆరుగురు రోగులు జారిపడ్డారు' అంటే ఏమీ తెలియదు. రోజూ వార్డులో ఉన్న రోగుల సంఖ్యను నెలంతా కూడితే 1,500 వచ్చిందనుకోండి, వెయ్యికి 4 పడ్డట్టు. 3,000 అయితే 2 మాత్రమే. పన్నెండు నెలల అంకెలు, ఆయా షిఫ్టుల్లో ఉన్న సిబ్బంది లెక్క పక్కపక్కనే పెట్టించండి. అంకె ఒక్కసారిగా తగ్గితే సంతోషించకండి. రోగులు జారిపడటం తగ్గిందా, జారిపడ్డ సంగతి రాసి పంపడం తగ్గిందా అని అడగండి.

మంచి నర్సులు కూడా తప్పటడుగు వేసేది ఇంకోచోట: బోర్డులో కూర్చుని డ్యూటీ చార్టు సరిచేయబోతారు. అది నర్సింగ్ సూపరింటెండెంట్ పని. 'రాత్రి షిఫ్టుల్లో అనుకున్నదానికన్నా ఎన్నిసార్లు మనుషులు తక్కువయ్యారు? సరిదిద్దేది ఎవరు, ఎప్పటిలోగా?' అన్నదే బోర్డులో అడగాల్సిన ప్రశ్న. జవాబు మినిట్స్‌లో ఎక్కాలి, వచ్చే సమావేశం అజెండాలోకి రావాలి.

ప్ర: బోర్డులో నర్సు ఉండాలని చట్టం ఎక్కడైనా ఉందా?

జ: ఇంగ్లండ్‌లో ఉంది. 2006 ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) చట్టం ప్రకారం, ఆస్పత్రులు నడిపే ఫౌండేషన్ ట్రస్టు బోర్డులోని ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లలో (బోర్డులో కూర్చునే ఉన్నతాధికారుల్లో) ఒకరు రిజిస్టర్డ్ నర్సు లేదా మిడ్‌వైఫ్ అయి తీరాలి. అమెరికాలో 2014లో మొదలైన నర్సెస్ ఆన్ బోర్డ్స్ కొయలిషన్, 2020కల్లా 10,000 బోర్డు స్థానాల్లో నర్సులుండాలని లక్ష్యం పెట్టుకుంది. అది ప్రచారోద్యమమే, చట్టం కాదు.