పాఠకుల ప్రశ్న – కండక్టర్ గారి జవాబు

ప్రశ్న: నమస్కారం సార్. మాది విశాఖలో మధురవాడ. నాకు 44 ఏళ్లు, గాజువాక వైపు తాపీ పనికి వెళ్తాను. ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక నా భార్యకు బస్సు ఖర్చు తప్పింది. నాకు మాత్రం రోజూ రానూపోనూ టికెట్టే. నెల పాసుకి ఒకేసారి అంత డబ్బు తీయలేను. మా నాన్నకి 66 ఏళ్లు, నెలనెలా కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్తాడు. మాకు దారేమైనా ఉందా?

జవాబు: తమ్ముడూ, ముందు మీ నాన్నగారి సంగతి. 60 దాటినవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో 25 శాతం రాయితీ ఉంది. ఆధార్ జేబులో పెట్టుకుని, టికెట్ కొట్టకముందే చూపించమను. కొట్టాక చెబితే కండక్టర్ చేతిలో ఏమీ ఉండదు.

మీ ఆవిడ జీరో టికెట్, అంటే డబ్బు లేకుండా ఇచ్చే టికెట్, తప్పకుండా అడిగి తీసుకోవాలి. ఉచితమే కదా అని చాలామంది వదిలేస్తారు. 2025 ఆగస్టు 15న పథకం మొదలైనప్పటి నుంచీ ప్రభుత్వం ఆర్టీసీకి ఇచ్చే డబ్బుకి ఆ టికెట్లే లెక్క.

ఇక నీ సంగతి. నేను కండక్టర్‌గా ఉన్నప్పుడు ఒక పెద్దాయన ఇసుకతోటలో పనికి వెళ్తూ రోజూ హనుమంతవాకలోనే దిగిపోయేవాడు. వెంకోజీపాలెం మీదుగా మిగతా దూరం ఎండలో నడక. ఎందుకయ్యా అంటే, "స్టేజీ తగ్గితే టీ డబ్బులు మిగుల్తాయి బాబూ" అన్నాడు. పాసు తీసుకుంటే నెల మొత్తానికి ఆయనకి చాలా మిగిలేది. ఒకటో తారీఖున ఆ మొత్తం చేతిలో ఉంటే కదా! చేతిలో డబ్బున్నవాడికి ప్రయాణం చవక, లేనివాడికి ఖరీదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒక లెక్క వేసుకో. ఆర్టీసీ కాంప్లెక్స్ పాస్ కౌంటర్లో ధర కనుక్కుని, దాన్ని నీ రోజు బస్సు ఖర్చుతో భాగించు. 18 వచ్చిందనుకో, నెలలో 18 రోజులకి మించి పని దొరికితే పాసే లాభం. పని సరిగా సాగని వానల నెలలో మాత్రం తీసుకోకు. డబ్బు మీ మేస్త్రిని అడ్వాన్స్ అడుగు, వారం బట్వాడాలో కొంచెం కొంచెం పట్టుకోమను. రోజూ పనిలోకి వచ్చే మనిషికి కాదనరు.

అసలు వారం కూలీకి వారం పాసు ఉండాలి. బెంగళూరు సిటీ బస్సుల్లో ఉంది. లండన్‌లో ఇంకా మేలు: బస్సులోని మిషన్‌కి కార్డు తాకిస్తూ పోతే, రోజుకి ఒక పరిమితి దాటాక ఆ రోజు ఇక ఛార్జీ పడదు. ముందుగా పెద్ద మొత్తం కట్టే పనే లేదు. మన విశాఖలో కూలీల అడ్డా మీద నిలబడే మనిషికి ఇలాంటిదే కావాలి.

నువ్వూ, నీతో పనిచేసేవాళ్లూ కలిసి మీరే అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. వారం పాసు కావాలని ఒక్క కాగితం రాసి అందరూ సంతకాలు పెట్టండి. సోమవారం కూలి పోతుందంటావు, నాకు తెలుసు. అందరూ వెళ్లొద్దు. ఒక్కరిని పంపి, ఆ రోజు అతని కూలి మిగతావాళ్లు తలా కొంచెం వేసుకోండి.