గేటు దగ్గర దండలు వద్దు

చి. సిరికి,

మీ లా కాలేజీ పోటీలో ఏదో ఊహాదేశానికి శాంతి ఒప్పందం రాస్తున్నారట, ఖైదీల విడుదల నీ వాటాకొచ్చిందట. మీ అమ్మ చెప్పింది. మావయ్య లాయరు కాదు, బెల్‌ఫాస్ట్‌లో ముప్పై ఏళ్లు మందుల చీటీలు రాసినవాడు. కానీ ఉత్తర ఐర్లండ్‌లో పోరు ఆపిన 1998 ఒప్పందం తర్వాత జైలు నుంచి బయటికొచ్చినవాళ్లూ, వాళ్ల చేతుల్లో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లూ నా క్లినిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

ముందు ‘క్షమాభిక్ష’ అన్న మాట కొట్టెయ్. ఇక్కడ ఎవరి శిక్షా రద్దు కాలేదు. లైసెన్సు మీద వదిలారు, షరతు తప్పితే మళ్లీ లోపలికే. బ్రిటన్‌తోనే ఉండాలనే లాయలిస్టుల సాయుధ నాయకుడు జానీ అడైర్‌ని 1999లో వదిలి, మరుసటి ఆగస్టులో వెనక్కి తీసుకెళ్లారు. 1998 ఏప్రిల్ 10కి ముందు చేసిన నేరాలకే వర్తింపు. కాల్పుల విరమణ పాటించని సంస్థలవాళ్లకి లేదు. ఒక్కొక్కరూ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. తేల్చేది మంత్రి కాదు, ఒక కమిషన్. దాని ఇద్దరు అధ్యక్షుల్లో ఒకాయన దక్షిణాఫ్రికా లాయరు బ్రయాన్ కరిన్. బయటివాణ్ణి పెట్టడం మంచి పని, నువ్వూ పెట్టు. రెండేళ్లలో 400 పైచిలుకు మంది వచ్చేశారు. 2000 సెప్టెంబరులో వాళ్లని ఉంచిన మేజ్ జైలుకే తాళం పడింది.

‘అసలెందుకు వదలాలి?’ అని జడ్జీలు అడుగుతారు. 1998 జనవరిలో లాయలిస్టు ఖైదీలు చర్చలకి మద్దతు లేదన్నారు. ఉత్తర ఐర్లండ్ వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మో మౌలమ్ స్వయంగా ఆ జైలుకెళ్లి మాట్లాడాకే మెత్తబడ్డారు. లోపలున్నవాళ్లని కాదని బయటి నాయకులు సంతకం పెట్టలేరమ్మా.

ఇక అసలు సంగతి. బీపీ చూపించుకోడానికి ఒక పెద్దావిడ వచ్చేది. ఓ పొద్దున బ్రెడ్డు కోసం కొట్టుకెళితే, తన కొడుకుని చంపినవాడు లైన్లో ఇద్దరి ముందు నిలబడి ఉన్నాడు. వాడు వచ్చాడని ఆవిడకెవరూ చెప్పలేదు. ‘వదలొద్దని నేననలేదు డాక్టర్. ముందురోజు ఒక్క ఫోన్ చేసుంటే ఆ కొట్టుకి వెళ్లేదాన్ని కాదు’ అంది. ఆ రోజు బీపీ చూశానో లేదో గుర్తులేదు. కాబట్టి ఆ ఫోన్ ఎవరు చెయ్యాలో, ఎన్ని రోజుల ముందు చెయ్యాలో క్లాజులోనే రాసెయ్. ‘తగు సమాచారం ఇవ్వబడును’ అని మాత్రం రాయకు. ఆ వాక్యం కింద ఎవరూ ఫోనెత్తరు.

ఇంకోటి, విడుదలైనవాళ్లకి ఊరేగింపులు వద్దని రాయి. 1998 మేలో ఒప్పందం మీద రిఫరెండానికి ముందు, లండన్‌లో బాంబులు పెట్టి జైలుకెళ్లి పెరోల్ మీదొచ్చిన బాల్కమ్ స్ట్రీట్ ముఠాని డబ్లిన్‌లో, ఐర్లండ్ అంతా ఒకటవ్వాలనే సిన్ ఫెయిన్ పార్టీ సభ వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టారు. నాలుగు రోజులకి బెల్‌ఫాస్ట్‌లో అవతలివాళ్లు, అంటే లాయలిస్టులు, తమ హంతకుడు మైకేల్ స్టోన్‌కి అదే మర్యాద చేశారు. అవును అందామనుకున్నవాళ్లు చాలామంది టీవీ ముందే వెనక్కి తగ్గారు. ఉత్తర ఐర్లండ్‌లో చివరికి 71 శాతం ఒప్పుకున్నారనుకో, ఆ వారమంతా మాకు గుండె గొంతులోనే ఉంది.

ముసాయిదా అయ్యాక పంపు. ఫోన్ క్లాజు ముందు చదువుతా.

మావయ్య