మావారి ఆట డిలీట్ చేశాను, 11 రోజులుగా మాట్లాడటం లేదు

మాది భీమవరం. పెళ్ళయి ఏడేళ్ళు, నాలుగేళ్ళ బాబు. మావారికి 36. రొయ్యల మేత కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. తాగుడు, పేకాట లాంటివి ఏమీ లేవు. కానీ రాత్రి అన్నం తినగానే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒంటిగంట దాకా లేవరు. కాలేజీ రోజుల నాటి ‘క్రికెట్ 07’ అనే ఆట. దానికి ఎవరెవరో చేసిన ప్యాచ్‌లు (ఆటలో జట్లు, జెర్సీలు మార్చే ఫైళ్ళు) వేస్తారు, తనూ చేస్తారు. ఒకసారి రాత్రి పన్నెండింటికి నన్ను పిలిచి, సన్‌రైజర్స్ జెర్సీకి రెండు నారింజ రంగులు చూపించి ఏది బాగుందని అడిగారు. పడుకోండి అని విసుక్కుని వచ్చేశాను. మొన్న బాబుకి జ్వరం వచ్చి మూడుసార్లు పిలిస్తే ‘ఒక్క ఓవర్’ అన్నారు. మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళాక ఆ ఫోల్డర్ మొత్తం తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. 11 రోజులైంది. అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. అత్తగారూ నాదే తప్పంటున్నారు. ఒక ఆట పోతే ఇంత రాద్ధాంతమా? నేను చేసింది అంత తప్పా?

– ఒక సోదరి

ముందు ఒక పని చేయండమ్మా, మిగతాది తర్వాత చదవొచ్చు. ఆ ల్యాప్‌టాప్‌ని ఇంట్లో ఇంకా వాడుతుంటే ఆపించండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన ఫైళ్ళు అప్పటికప్పుడు చెరిగిపోవు. పాత రకం హార్డ్ డిస్క్ అయితే, ఆ చోట కొత్తవి వచ్చి పడేదాకా పాతవి అక్కడే ఉంటాయి. డేటా రికవరీ చేసేవాళ్ళు కొన్నయినా తీసిపెట్టవచ్చు. కొత్త రకం డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. ఇంకో దారి కూడా ఉంది. ప్యాచ్‌లు చేసేవాళ్ళు చేసింది దాచుకోరు, తోటివాళ్ళకు పంపుతారు. ఆయన ఎవరికైనా పంపి ఉంటే వాళ్ళ దగ్గర ఉండే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లు, పాత మెయిళ్ళు కూడా చూడమనండి.

ఇక మీ ప్రశ్న. అవునమ్మా, తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే ఆ ఫోల్డర్‌లో ఏముందో మీకు తెలియాలి.

ఆ ఆటను ఈఏ స్పోర్ట్స్ 2006 చివర్లో విడుదల చేసింది. ఆ తర్వాత ఆ కంపెనీ కంప్యూటర్‌కి మరో క్రికెట్ ఆట తేలేదు. అసలు ఆటలో మన జట్టుకు లైసెన్స్ లేక మనవాళ్ళ పేర్లలో అక్షరాలు మార్చేశారు. ఐపీఎల్ మొదలైందే 2008లో. మరి ఇవాళ్టి ఐపీఎల్ జట్లు అందులోకి ఎలా వచ్చాయి? ఆ ఆటను వదులుకోలేని కుర్రాళ్ళు ఒకరు ముఖాలు, ఒకరు స్టేడియాలు, ఒకరు బ్యాట్ల మీది స్టిక్కర్లు చేసి పెట్టబట్టే. వాళ్ళకు జీతం ఎవరూ ఇవ్వరు. ఏటా జట్లు మారతాయి, ఏటా మళ్ళీ మొదలు. 2009లో కప్పు గెలిచిన మన డెక్కన్ చార్జర్స్ జట్టే ఇప్పుడు లేదు, ఇలాంటి వాళ్ళు గుర్తుపెట్టుకుని చేస్తే ఆ జట్టుతో ఇప్పటికీ ఆడుకోవచ్చు.

మా అక్క కొడుకు పక్కన కూర్చుని ఈ పని చూశాను. దర్జీ కుట్టే ముందు బల్ల మీద పరిచిన గుడ్డముక్కల్లా ఉంటుంది జెర్సీ: ముందు భాగం, వీపు, రెండు చేతులు విడివిడిగా. వాటికి రంగు నింపుతాడు, గీతలు గీస్తాడు. ఆటలోకి వెళ్ళి చూస్తే భుజం దగ్గర గీత గీతకి అతకదు. బయటికొచ్చి వెంట్రుకవాసి జరిపి మళ్ళీ చూస్తాడు. ఒక్క చొక్కాకి రెండు గంటలు పట్టింది. ఆట ఎక్కడైనా మళ్ళీ దొరుకుతుంది. మీవారు చేత్తో చేసుకున్నవి అలా దొరకవు.

మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఆ రెండు నారింజ రంగుల సంగతి. పగలంతా లెక్కలు చూసి వచ్చిన మనిషి తనకిష్టమైన పనిలో ఉండి, మీ కన్ను మీద నమ్మకంతో పిలిచాడు. వేళ కాని వేళే, కాదనను. కానీ మీకు తెలియకుండా చేసుకునే పని కాదది.

అలాగని ఆయన పక్షం వహించి మాట్లాడటం లేదు. బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే ‘ఒక్క ఓవర్’ అన్నది చాలా పెద్ద తప్పు. మీకు కోపం రావడం న్యాయం. ఆ ఆటలో మ్యాచ్ మధ్యలో ఆపుకోవచ్చు, ఒక్క మీట నొక్కితే చాలు. ఆయన లేవకపోవడానికి సాకు లేదు. ఆ రాత్రి ఒంటరిగా తడిగుడ్డ మార్చుకుంటూ కూర్చున్న మీ బాధ ఆయనకు తెలియాలి. డిలీట్ చేయడంతో ఆ మాట కాస్తా పక్కకు పోయింది. ఇప్పుడు ఇంట్లో అందరూ ఫోల్డర్ గురించే మాట్లాడుతున్నారు, జ్వరం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

కాబట్టి రెండు మాటలూ వేర్వేరుగా చెప్పండి. ముందు, “మీరు కష్టపడి చేసుకున్నవి తీసేశాను, తప్పు చేశాను. తిరిగి తెచ్చుకోవడానికి ఏం చేయాలో చెప్పండి, నేనూ తిరుగుతాను” అనండి. అక్కడ ఆగిపోండి. ‘కానీ మీరు కూడా’ అని తోక తగిలించకండి. రెండు రోజులు పోనిచ్చి, బాబు నిద్రపోయాక జ్వరం రాత్రి మీకెలా గడిచిందో చెప్పండి. అప్పుడు వేళలు మాట్లాడుకోండి. వారంలో ఏ మూడు రాత్రులు ఆయనవి, ఎన్నింటికి లేవాలి, బాబు ఏడిస్తే ఎవరు లేవాలి. పిలవగానే లేవడం మాత్రం బేరం లేని విషయమని తేల్చి చెప్పండి.

ఇది వ్యసనమేమోనని మీకు లోపల భయం ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. కానీ ఆట మీద అదుపు తప్పడం, మిగతా అన్నిటికన్నా అదే ముందుకు రావడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు సాగితే ఆ మాట అంటారు. ఉద్యోగం సక్రమంగా చేస్తూ, డబ్బు పెట్టని ఆట ఆడే మనిషి గురించి నేనిప్పుడే ఆ మాట అనను. వేళలు ఒప్పుకున్నాక కూడా లేవలేకపోతే అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఒక జాగ్రత్త ఆయనకు చెప్పాలి. ముక్కూమొహం తెలియని వాళ్ళ ప్యాచ్‌లతో వైరస్‌లు కూడా వస్తాయి. ఆఫీసు లెక్కలు, బ్యాంకు పనులు ఆ ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవద్దనండి. తను చేసినవి వేరే డిస్క్‌లో ఇంకో కాపీ ఉంచుకోమనండి.

అత్తగారిని ఇందులోంచి మెల్లగా తప్పించండి. ఆమె మీ వైపు మాట్లాడినా ఆయన వైపు మాట్లాడినా ఈ ముడి బిగుసుకుంటుంది.

ఆయన మళ్ళీ ఏ రాత్రో రెండు రంగులు చూపించి అడిగితే, ఏది బాగుందో చెప్పి వెళ్ళి పడుకోండి.